బెంగళూరు వంటింట్లో ఉర్లగడ్డ వేపుడు: అంటుకోకుండా, చిదమకుండా, డబ్బాలో మెత్తబడకుండా

బెంగళూరులో కూరగాయల బండి దగ్గర ఏ పేరుతో అడిగినా దుంప దొరుకుతుంది. అనంతపురం, చిత్తూరు వాళ్లు ఉర్లగడ్డ అంటారు, కోస్తా వాళ్లు బంగాళాదుంప అంటారు. తెలంగాణ వాళ్ల ఆలుగడ్డయితే కన్నడ ఆలూగడ్డెకు తోబుట్టువే, బండివాడికి ఇంకో మాట చెప్పక్కర్లేదు. పేరు ఏదైనా, వేపుడు దగ్గరికి వచ్చేసరికి అందరి బాధలూ ఒకటే. ముక్కలు మూకుడుకు అంటుకుపోతాయి. కలుపుతుంటే చిదిమిపోతాయి. పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతాయి. పొద్దున కరకరలాడినవి మధ్యాహ్నం డబ్బా మూత తీసేసరికి ముద్దయి కూర్చుంటాయి.

ఈ నాలుగింటికీ మూలం నీళ్లు. దుంప బరువులో దాదాపు 80 శాతం నీళ్లే. నూనెలో పడ్డ ముక్క పైపొరలోని నీళ్లు ఆవిరైపోతేనే ఆ పొర గట్టిపడి ఎర్రబడుతుంది. తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి నీళ్లు మరిగే వేడిని దాటదు, కాబట్టి ముక్క ఉడుకుతుందే కానీ వేగదు. కడగడం, ఆరబెట్టడం, మూత, ఉప్పు, మంట, మూకుడు వెడల్పు అన్నీ ఆ నీళ్లను ఎప్పుడు, ఎలా సాగనంపాలన్న లెక్కలోకే వస్తాయి. ఆ లెక్క మనసులో ఉంటే కింది కొలతలు కాస్త అటూ ఇటూ అయినా వేపుడు చెడదు.

దుంపతోనే సగం పని

బెంగళూరుకు దుంప రెండు దారుల్లో వస్తుంది. ఒకటి చుట్టుపక్కల నేలది: హాసన్, కోలారు, చిక్కబళ్లాపుర. హాసన్‌లో వానల మీద ఆధారపడి వేసే పంట ఆగస్టు చివర నుంచి మార్కెట్‌కు దిగుతుంది. రెండోది ఆగ్రా వైపు నుంచి లారీల్లో వచ్చేది. ఉత్తరాదిన చలికాలంలో పండి జనవరి నుంచి మార్చి లోపల తవ్విన దుంపను కోల్డ్ స్టోరేజీల్లో పెట్టి నవంబరు దాకా బయటికి తీస్తుంటారు. జనవరి నుంచి మార్చి వరకు వచ్చే ఆగ్రా దుంపకూ, సెప్టెంబరులో వచ్చే ఆగ్రా దుంపకూ వేపుడులో చాలా తేడా ఉంటుంది.

కారణం చలి. దుంపను 2 నుంచి 4 డిగ్రీల చలిలో నెలల తరబడి ఉంచితే మొలకలు రావు కానీ, లోపలి పిండిపదార్థంలో కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర నూనె వేడికి తొందరగా గోధుమరంగుకు తిరుగుతుంది. ముక్క లోపల ఉడకకముందే పైన ముదురు రంగు వచ్చేస్తుంది, తింటే కాస్త తియ్యగా, చివర్లో చేదుగా తగులుతుంది. చాలామంది మంట ఎక్కువైందనుకుని తగ్గిస్తారు, అప్పుడు రంగు ఆగదు సరికదా ముక్క మెత్తబడుతుంది. తప్పు మంటది కాదు, దుంపది.

ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా ఇదే జరుగుతుంది. దుంపలను ఫ్రిజ్‌లో పెట్టకండి. బెంగళూరు వాతావరణం దుంపకు బాగా కుదురుతుంది. వెలుతురు పడని మూలలో వెదురు బుట్టలోనో, గోనెసంచిలోనో గాలి ఆడేలా ఉంచితే రెండు మూడు వారాలు హాయిగా ఉంటుంది. ఉల్లిపాయల బుట్ట వేరుగా ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో ముడి వేసి ఉంచితే నాలుగు రోజుల్లో చెమ్మ పట్టి కుళ్లుతుంది. కోల్డ్ స్టోరేజీ దుంపే దొరికితే, వాడేముందు రెండు వారాలు ఇలా బయట ఉంచండి. చక్కెరలో చాలావరకు తగ్గుతుంది. అంత ఆగే వీలు లేకపోతే, కోసిన ముక్కలను చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో (మరిగేవి కాదు) ఐదు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి, చల్లటి నీళ్లతో ఒకసారి కడగండి. పైపొరలోని చక్కెర కొంత నీళ్లలోకి దిగిపోతుంది.

రకం పేరు అడిగి కొనే వీలు బండి దగ్గర ఉండదు కానీ తెలిస్తే మంచిదే. కర్ణాటకలో ఎక్కువగా సాగయ్యేది కుఫ్రి జ్యోతి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1968లో విడుదల చేసిన రకం ఇది. కుఫ్రి అన్నది సిమ్లా దగ్గరి ఊరి పేరు, ఆ సంస్థ రకాలన్నిటికీ ముందు ఆ పేరే ఉంటుంది. జ్యోతి మరీ పిండిగా విడిపోదు, మరీ జిగటగా ఉండదు, ఇంటి వేపుడుకు సరిగ్గా సరిపోతుంది. చిప్స్ కోసమే తీసిన కుఫ్రి చిప్సోనా రకాలు (మొదటి రెండూ 1998లో వచ్చాయి) నీళ్లు తక్కువ, చక్కెర తక్కువ ఉన్నవి. ఎక్కడైనా కనిపిస్తే సన్న చక్రాల వేపుడుకు వాటిని మించినవి లేవు.

చేతిలో ఉన్న దుంప పిండి దుంపా, జిగట దుంపా అని తేల్చుకోవడానికి ఉప్పునీటి పరీక్ష ఉంది. ఒక కొలత ఉప్పుకు పదకొండు కొలతల నీళ్లు పోసి, ఉప్పు పూర్తిగా కరిగాక దుంపను వదలండి. మునిగితే పిండి ఎక్కువ, నీళ్లు తక్కువ: వేపుడుకు, చిప్స్‌కు మేలు. తేలితే నీళ్లు ఎక్కువ: ముక్క ఆకారం చెడదు కానీ కరకర తక్కువ, కుర్మాకూ పులుసుకూ వాడుకోండి. కొన్న సంచిలో రెండు దుంపలను ఇలా చూస్తే చాలు.

బొటనవేలితో రుద్దగానే పొట్టు ఊడొచ్చేది కొత్త దుంప. రుచి బాగుంటుంది, నీళ్లు ఎక్కువ. దీన్ని పొట్టుతోనే వేయించుకోవాలి, చెక్కు తీసి సన్నగా తరిగి కరకరలాడమంటే ఆడదు. పచ్చరంగు తిరిగిన దుంప వెలుతురుకు పెట్టింది. ఆ పచ్చదనంతో పాటు పెరిగే సొలనిన్ చేదుగా ఉంటుంది, ఒంటికి మంచిది కాదు. కొద్దిగా ఉంటే ఆ భాగాన్ని మందంగా చెక్కేయండి, ఎక్కువగా ఉంటే దుంపే పారేయండి. మొలకల కళ్లను కూడా లోతుగా తవ్వి తీయాలి.

కొలతలు

నలుగురికి సాంబారు అన్నంలోకో, చారన్నంలోకో నంజుకోవడానికి అరకిలో దుంప చాలు. మధ్యరకం దుంపలు నాలుగు వస్తాయి. చెక్కు తీశాక 430 గ్రాములు, వేగాక దాదాపు 300 గ్రాములు మిగులుతాయి. ఈ తగ్గుదలను గుర్తుపెట్టుకోండి, ఉప్పు దగ్గర పనికొస్తుంది.

నూనె 4 పెద్ద చెంచాలు. పసుపు పావు చిన్న చెంచా. మెత్తని ఉప్పు ముప్పావు చిన్న చెంచా. కారం ఒకటి నుంచి ఒకటిన్నర చిన్న చెంచాలు. వెల్లుల్లి 6 రెబ్బలు, పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచాలి. పోపుకు ఆవాలు, జీలకర్ర అర చిన్న చెంచా చొప్పున, మినపప్పు, పచ్చి శనగపప్పు ఒక్కో చిన్న చెంచా, ఎండుమిర్చి రెండు, కరివేపాకు రెండు రెమ్మలు. చిన్న చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా అంటే 15.

నూనె తగ్గించాలని రెండు చెంచాలతో మొదలుపెట్టే వాళ్లు చాలామంది. అప్పుడు ముక్క అడుగు ఒక్కటే నూనెలో ఉంటుంది, పైన పొడిగా ఉండి వేడి అందదు. చివరికి అంటుకుపోయిందని ఇంకో చెంచా, మళ్లీ ఇంకో చెంచా పోస్తారు. మొదట్లోనే నాలుగు పోసి, ఆఖర్న ముక్కలను మూకుడు ఒక పక్కకు జరిపి కాస్త వంచి ఉంచితే మిగిలిన నూనె జారి వస్తుంది, దాన్ని తీసేయవచ్చు. ఇలా చేస్తేనే ముక్క తక్కువ నూనె తాగుతుంది.

కోత, కడుగు, ఆరబెట్టడం

రోజూ చేసుకునే వేపుడుకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలు, అంటే చూపుడువేలు గోరంత. ఇంతకంటే పెద్దవైతే లోపల ఉడికేలోపు పైన ముదిరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం ముక్కలన్నీ ఒకే సైజులో ఉండటం. పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటే చిన్నవి మాడతాయి, పెద్దవి పచ్చిగా ఉంటాయి, మంటతో దాన్ని సరిదిద్దలేం. దుంపను నిలువుగా రెండు చేసి, కోసిన వైపు పీటకు ఆన్చి కోస్తే దొర్లదు, సైజు కుదురుతుంది.

కోసిన ముక్కను వెంటనే నీళ్లలో వేయాలి. గాలి తగిలితే పది నిమిషాల్లో గోధుమరంగు తిరుగుతుంది. అది రుచి చెడగొట్టదు కానీ వేపుడు మురికిగా కనిపిస్తుంది. తర్వాత చేత్తో బాగా కలిపి, తెల్లటి నీళ్లు పారబోసి, మళ్లీ పోసి, ఇలా మూడుసార్లు. మూడోసారి నీళ్లలో గిన్నె అడుగు కనిపించాలి. ఆ తెల్లదనం కోతకు బయటపడ్డ పిండి. అది వేడికి జిగురు గంజిలా మారి ముక్కను మూకుడుకూ, ముక్కను ముక్కకూ అతికిస్తుంది. అంటుకుపోతోందన్న ఫిర్యాదుల్లో సగం ఈ కడుగుడుతో తీరిపోతాయి. చివర్న చల్లటి నీళ్లలో పావుగంట నానబెడితే ఇంకా మంచిది.

తర్వాత చిల్లుల గిన్నెలో వంపి ఐదు నిమిషాలు, పాత నూలు పంచె ముక్క మీద పరిచి పైన ఇంకో గుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద పది నిమిషాలు. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఇరవై నిమిషాలు ఉంచండి. పొద్దున్నే ఆఫీసు హడావుడిలో ఈ పని కుదరదనుకుంటే రాత్రే కోసి, నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కోసిన ముక్కలను ఒక్క రాత్రి నీళ్లలో ఉంచితే పరవాలేదు, పొద్దున ఒకసారి కడిగి ఆరబెట్టడమే మిగులుతుంది. ఆరబెట్టడాన్ని మాత్రం ఎగ్గొట్టకండి. తడి ముక్క నూనెలో పడితే చిటచిటలాడి చేతుల మీద పడటమే కాదు, నూనె వేడి ఒక్కసారిగా దిగిపోతుంది.

మూకుడు

అరకిలోకు పైన 28 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పున్న మూకుడు కావాలి. ముక్కలు ఒకటే వరుసగా పరుచుకోవాలి, అక్కడక్కడా ఒకదాని మీద ఒకటి ఉంటే సరేలే కానీ కుప్పగా ఉండకూడదు. కుప్పపోస్తే అడుగు ముక్కల నుంచి లేచిన ఆవిరి పై ముక్కలను ఉడికిస్తుంది. కిలో చేయాలంటే రెండు వాయిలుగా చేయండి, లేదా రెండు పొయ్యిల మీద రెండు మూకుళ్లు పెట్టండి.

ఇనుప మూకుడే ఈ పనికి సరైనది. బరువుంటుంది, చల్లటి ముక్కలు పడ్డా వేడి తగ్గదు. పలుచటి అల్యూమినియం బాణలిలో మంట తగిలిన చోట మాడుతుంది, మిగతా చోట ఉడుకుతుంది. అద్దె ఇంట్లో నాన్‌స్టిక్ పెనమే ఉందనుకోండి, దానిలోనూ బాగానే వస్తుంది. అయితే ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద కాల్చకూడదు, నూనె పోసి మధ్యస్థంగా వేడి చేసి, ముక్కలు ఇంకా తక్కువ వేసి, ఐదారు నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి.

వేరుశనగ నూనె దుంపకు బాగా నప్పుతుంది. గానుగ నూనె వాసన ఇంకా బాగుంటుంది కానీ రిఫైన్డ్ నూనె కంటే ముందుగా పొగ వస్తుంది, కాస్త నురుగుతుంది. దానితో చేసేటప్పుడు మంట మధ్యస్థం దాటనివ్వకండి.

వేయించడం

ముందు ఖాళీ ఇనుప మూకుడును వేడి చేయండి. నీటి చుక్క వేస్తే ముత్యంలా దొర్లాలి. అప్పుడు నూనె పోసి మూకుడును తిప్పి అంచుల దాకా పట్టించండి. వేడి మూకుడులో పడ్డ నూనె ఇనుము గరుకుల్లోకి చేరి పొరలా నిలుస్తుంది. చల్లటి మూకుడులో నూనె పోసి, వెంటనే ముక్కలు వేస్తే అంటుకోవడం ఖాయం.

పోపు ముందే వేయండి, కానీ అందులో ఉంచేయకండి. ఆవాలు చిటపటలాడి, పప్పులు ఎర్రబడి, కరివేపాకు గలగలలాడగానే చిల్లుల గరిటెతో అంతా తీసి పక్కన పెట్టుకోవాలి. వాటి వాసన నూనెలో ఉండిపోతుంది. అలాగే వదిలి పైన దుంప వేస్తే ఇరవై నిమిషాల తర్వాత మిగిలేవి బొగ్గయిన మినపప్పు, చేదెక్కిన ఆవాలు.

ఇప్పుడు మంట పెద్దది చేసి, నూనె మళ్లీ బాగా కాగాక ముక్కలు వేసి పరచండి. జోరుగా చుయ్యిమనాలి. ఆ చప్పుడు రాకపోతే నూనె కాగలేదన్నమాట. ఇక్కడే అందరూ తొందరపడతారు. మూడు నాలుగు నిమిషాల దాకా గరిటె పెట్టకండి. మొదట్లో ముక్క మూకుడును పట్టుకునే ఉంటుంది, అడుగున పొర గట్టిపడ్డాక దానంతట అదే వదిలేస్తుంది. ముందే గీకితే ఆ పొర మూకుడుకే ఉండిపోతుంది, దాని మీద మిగతాదంతా అంటుకుంటుంది. గుంట గరిటె వద్దు, అట్లకాడతో అడుగు నుంచి ఎత్తి తిరగేయాలి. గుంట గరిటెతో కలిపితే అంచులు చితుకుతాయి.

ఒకసారి తిరగేశాక మంట మధ్యస్థానికి తగ్గించి, రెండు మూడు నిమిషాలకు ఒకసారి తిప్పుతూ ఉండండి. కళ్లతో పాటు చెవులూ పని చేయాలి. మొదట జోరుగా ఉన్న చప్పుడు ముక్కల్లోని తడి పోతున్నకొద్దీ సన్నబడుతుంది. పన్నెండు పదమూడు నిమిషాలకు చప్పుడు సగానికి దిగి, ముక్క అంచులు లేత బంగారు రంగుకు వస్తాయి. ఒక ముక్కను అట్లకాడతో నొక్కితే కొద్దిగా ప్రతిఘటించి తెగాలి.

అప్పుడు పసుపు, ఉప్పు. ముందు వేయకూడదు. ఉప్పు ముక్కలోంచి నీళ్లు లాగుతుంది. మొదట్లోనే వేస్తే ఆ నీళ్లు పైపొరకు వచ్చి, గట్టిపడాల్సిన చోటును తడిపేస్తాయి. పొర కట్టాక వేస్తే కొంచెం చెమ్మ వచ్చినా రెండు నిమిషాల్లో ఆవిరైపోతుంది. మూకుడులో నిండుగా కనిపించే పచ్చి ముక్కలను చూసి ఉప్పు వేసేవాళ్ల వేపుడు ఉప్పుకషాయమవుతుంది, ఎందుకంటే 430 గ్రాములకు వేసిన ఉప్పు చివరికి 300 గ్రాములకు పడుతుంది.

ఉప్పు వేసిన మూడు నిమిషాలకు దంచిన వెల్లుల్లి. మరో మూడు నాలుగు నిమిషాలకు, మొత్తం మీద ఇరవై నిమిషాల దరిదాపుల్లో, ముక్కలు అన్ని వైపులా బంగారు రంగుకు వస్తాయి. మంట పూర్తిగా తగ్గించి అరనిమిషం ఆగి, మిగిలిన నూనె వంపేసి, కారం చల్లి, పక్కన పెట్టిన పోపు వేసి, రెండుసార్లు ఎత్తి కలిపి పొయ్యి ఆపేయండి. కారం పొడి కాగిన నూనెలో కొన్ని సెకన్లలోనే మాడుతుంది. ఇంటిల్లిపాదికీ దగ్గు పుట్టించే ఘాటు, నల్లరంగు, చేదు అక్కడి నుంచే వస్తాయి. మూకుడు వేడి చాలు కారం పచ్చి వాసన పోవడానికి.

మూత సంగతి. పైన చెప్పింది మూత లేకుండా చేసేది, కరకరలాడుతుంది. పిల్లలకు, పళ్లు లేని పెద్దవాళ్లకు మెత్తటి వేపుడు కావాలంటే మొదటి తిరగేత తర్వాత ఐదు నిమిషాలు మూత పెట్టి, తీసి, ఆపైన మూత లేకుండా పది నిమిషాలు వేయించండి. మూత తీసేటప్పుడు దాని అడుగున చేరిన నీటి చుక్కలు మూకుడులో పడకుండా పక్కకు వంచి తీయాలి. ఆఖర్న మూత పెట్టడం మాత్రం అంతవరకు చేసిన పనిని చెడగొట్టుకోవడమే.

పులుపు కూడా సమయం చూసి వేయాల్సిందే. నిమ్మరసం, ఆమ్‌చూర్, చింతపండు ఏవి తగిలినా దుంప కణాలను పట్టి ఉంచే పెక్టిన్ తొందరగా కరగదు, ముక్క ఎంతకీ మెత్తబడదు. నిమ్మరసం పిండుకోవాలంటే కంచంలోనే.

కారాలు, పొడులు

గుంటూరు కారం ఒక్కటే వేస్తే ఘాటు బాగుంటుంది, రంగు ఇటుక రంగులో ఉంటుంది. బెంగళూరులో సులువుగా దొరికే బ్యాడగి మిరపకాయ హావేరి జిల్లాది, ముడతలు పడి ఉంటుంది, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. రెండూ సగం సగం కలిపి పొడి కొట్టించుకుంటే వేపుడుకు అంత చక్కటి కారం వేరే ఉండదు.

రాయలసీమ ఇళ్లలో కారంతో సరిపెట్టరు, పప్పుల పొడి చల్లుతారు. పుట్నాలు 2 పెద్ద చెంచాలు, ఎండుకొబ్బరి ఒక పెద్ద చెంచా, వేయించిన ఎండుమిర్చి 4, జీలకర్ర అర చిన్న చెంచా, వెల్లుల్లి 4 రెబ్బలు, చిటికెడు ఉప్పు. వెల్లుల్లి ఆఖర్న వేసి, మిక్సీని ఆపి ఆపి తిప్పి బరకగా పొడి చేయాలి. ఏకధాటిగా తిప్పితే కొబ్బరి నూనె విడిచి ముద్దవుతుంది. అంగట్లో పుట్నాలంటే తెలియకపోతే హురిగడలె అని అడగండి. ఈ పొడి వేసేటప్పుడు విడి కారం సగానికి తగ్గించి, పొయ్యి ఆపాకే చల్లాలి. ముక్క మీద మిగిలిన నూనెను పొడి పీల్చుకుంటుంది, వేపుడు చేతికి అంటదు. పుట్నాల చోట వేయించి పొట్టు తీసిన శనక్కాయ విత్తనాలు వేసినా మంచి రుచి, అయితే అవి కూడా నూనె గింజలే కనుక పొడి ఇంకా బరకగా ఉండాలి.

ఉల్లిపాయ వేసే అలవాటుంటే విడిగా వేయించి కలపండి. ఉల్లిలోనూ నీళ్లు ఎక్కువే, దుంపతో కలిపి వేస్తే రెండూ మెత్తబడతాయి.

ఉడికించి వేయించేది

చెన్నై ఇళ్లలో, మెస్‌లలో కనిపించే చిన్న ఉర్లగడ్డల రోస్టు ఈ పద్ధతిదే. గోలీల కంటే కొంచెం పెద్దవైన దుంపలను పొట్టుతో ఉడికించి, పొట్టు తీసి, మసాలా పట్టించి వేయిస్తారు. ఇందులో కరకర ఉండదు, పైన మసాలా గట్టిగా పట్టి లోపల వెన్నలా ఉండాలి.

ఇక్కడ బెంగళూరు ఎత్తు లెక్కలోకి వస్తుంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్లు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నైలోనో, నెల్లూరులోనో మూత లేని గిన్నెలో పన్నెండు నిమిషాలకు ఉడికే దుంపకు ఇక్కడ రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. కుక్కర్లో ఈ తేడా పెద్దగా తెలియదు. చిన్న దుంపలకు మధ్యస్థ మంట మీద ఒక్క విజిల్, ఆవిరి దానంతట అది పోయేదాకా ఆగకుండా మూడు నిమిషాల తర్వాత జాగ్రత్తగా ఆవిరి వదిలేసి తీయాలి. మూత తీయకుండా వదిలేస్తే లోపలి వేడికి ఇంకా ఉడికి చిట్లిపోతాయి. టూత్‌పిక్ గుచ్చితే నడిమధ్యలో కొంచెం గట్టిగా తగలాలి, మిగిలిన ఉడుకు మూకుడులో పూర్తవుతుంది.

ఉడికిన దుంపను వేడిగా వేయించకూడదు. పళ్లెంలో పరిచి అరగంట ఆరనిస్తే పైతడి ఆవిరైపోతుంది, లోపలి పిండి గట్టిపడుతుంది, ముక్క విరగదు. రాత్రి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున వేయిస్తే ఇంకా బాగుంటుంది. అరకిలోకు 3 పెద్ద చెంచాల నూనె, ఒకటిన్నర చిన్న చెంచా కారం, ఒకటి ధనియాల పొడి, పావు పసుపు, అర సోంపు పొడి, ముప్పావు ఉప్పు కలిపి, రెండు చెంచాల నీళ్లతో ముద్దలా చేసి దుంపలకు పట్టించండి. సన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మూకుడును పట్టుకుని ఊపుతూ దొర్లించాలి. పైన పొర పొడిబారాలనుకుంటే ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి ఆ మసాలాలోనే కలపండి.

విందు భోజనాల వేపుడు

పెళ్లిళ్లలో వడ్డించే వేపుడు ముక్క గంటల తర్వాత కూడా విడివిడిగా ఉండటానికి కారణం, అది నిండా మునిగే నూనెలో రెండుసార్లు వేగడం. లీటరు నూనెకు ఒక వాయికి 200 గ్రాముల ముక్కలు మించకూడదు. మొదటిసారి 150 నుంచి 160 డిగ్రీలు. కొలిచే సాధనం లేకపోతే ఒక ముక్క వేసి చూడండి: చిన్న బుడగలు తీరుబడిగా రావాలి. ఐదారు నిమిషాలు, రంగు రాకముందే తీసి పళ్లెంలో పరచాలి. కనీసం పదిహేను నిమిషాలు చల్లారాక రెండోసారి 180 డిగ్రీల నూనెలో (ముక్క వేయగానే జోరుగా బుడగలు లేచి పైకి తేలాలి) రెండు నిమిషాలు. మొదటి వేపులో లోపల ఉడుకుతుంది, ఆరేలోపు లోపలి తడి పైకి వస్తుంది, రెండో వేపు ఆ తడిని తరిమేసి పొరను గట్టిపరుస్తుంది. ఆ వేడి మీదే ఉప్పు, కారం, పప్పుల పొడి, వేయించిన జీడిపప్పు, అదే నూనెలో వేయించిన కరివేపాకు కలపాలి. కిలో దుంపకు జీడిపప్పు 50 గ్రాములు చాలు.

కరివేపాకును మాత్రం తుడిచి వేయండి. తడి ఆకు కాగే నూనెలో పేలినట్టు చిమ్ముతుంది.

డబ్బాలోకి

ఏడున్నరకు సర్ది ఒంటిగంటకు తినే డబ్బాలో వేపుడు మెత్తబడటానికి కారణం మళ్లీ ఆవిరే. వేడి మీద మూత బిగిస్తే ఆవిరి మూతకు తగిలి నీళ్లై ముక్కల మీదే కారుతుంది. పొయ్యి దించగానే వెడల్పాటి పళ్లెంలో పరిచి ఇరవై నిమిషాలు ఆరనిచ్చి సర్దండి. వేడన్నం గిన్నె మీద వేపుడు గిన్నె పెట్టకండి, కింది గిన్నె వేడికి పైది చెమర్చుతుంది. పప్పుల పొడి వేసిన వేపుడు డబ్బాకు ఎక్కువ నప్పుతుంది, వచ్చిన కొద్దిపాటి చెమ్మను పొడి పట్టుకుంటుంది.

మిగిలిన వేపుడును ఇనుప మూకుడులోనే రాత్రంతా వదిలేస్తే బూడిద రంగుకు తిరుగుతుంది, ఇనుప రుచి తగులుతుంది. దుంపలోని ఒక పదార్థం ఇనుముతో కలిసి నల్లబడటమే దానికి కారణం. కాబట్టి వేగగానే స్టీలు గిన్నెలోకి మార్చండి. మర్నాడు వేడి చేయాలంటే మైక్రోవేవ్ వద్దు, అది లోపలి తడిని పైకి లాగి ముక్కను రబ్బరులా చేస్తుంది. పొడి మూకుడులో నూనె వేయకుండా, మధ్యస్థ మంట మీద నాలుగు నిమిషాలు, మూత లేకుండా.